సున్న వ్రాసెడి దినములు

పఠింపవలసిన భాగములు: 1 రాజులు 18:41–46, ఎజ్రా 5:17–6:12



మన సంఘములలో కచేరీలలో కూర్చుండి పనిచేయువారు అనేకులు గలరు. గుమాస్తాలు, టైపు చేయువారు, బ్యాంకులలో లెక్కలు చూచువారు, సచివాలయములలో క్రొత్తగా చేరిన యౌవనులు మనలో నున్నారు. పని ఎక్కువైనప్పుడు వచ్చు అలసటనుగూర్చి మనము ప్రార్థన కూటములలో చెప్పుకొందుము. కాని పని లేనప్పుడు వచ్చు విసుగునుగూర్చి ఎవరును నోరు విప్పరు. జీతము వచ్చుచుండగా విసుగని చెప్పుకొనుట సిగ్గని తలంచుదుము. అయినను ఆ విసుగు మనుష్యుని లోపలినుండి తినివేయును. ఈ నెల దానినిగూర్చియే ధ్యానింతము.

మన భాషలో దీనికి రెండు మాటలున్నవి. “ప్రొద్దు పోవుట లేదు” అందుము. “ఏమియు తోచుట లేదు” అందుము. మొదటి మాట నేరమును సూర్యునిమీద మోపును. రెండవ మాట నిజమునకు దగ్గరగా నున్నది. తోచనిది మనస్సునకు గాని ప్రొద్దునకు గాదు.

క్రీస్తు శకము నాలుగవ శతాబ్దమున ఐగుప్తు ఎడారిలో ఎవాగ్రియస్ అను సన్యాసి యుండెను. ఆయన 399వ సంవత్సరమున మరణించెను. ఏకాంతముగా గుడిసెలో కూర్చుండు సన్యాసికి పగటివేళ ఒక శోధన వచ్చునని ఆయన వ్రాసెను. అప్పుడు సూర్యుడు కదలనట్టు, పగలు ఏబది గంటలైనట్టు తోచును. అతడు మాటిమాటికి కిటికీవైపు చూచును. భోజనవేళకు ఇంకెంత ప్రొద్దున్నదో చూచును. ఎవరైన వచ్చుచున్నారేమో యని తొంగిచూచును. పిమ్మట తానున్న చోటును, చేయుచున్న పనిని ద్వేషించి, మరియొక చోటికి పోయిన బాగుండునని తలపోయును. గ్రీకు అనువాదములోని తొంబదియొకటవ కీర్తన ఆరవ వచనపు మాటను పట్టి, పూర్వులు దీనికి మధ్యాహ్నపు దయ్యమని పేరు పెట్టిరి. పదియారు వందల యేండ్లు గడచినవి. మే నెలలో మధ్యాహ్నము రెండు గంటలకు అనంతపురము జిల్లాలోని ఏ కచేరిలోనికి వెళ్లినను ఈ వర్ణన సరిపోవును. కిటికీకి బదులు చేతిలో సెల్‌ఫోను వచ్చినది, అంతే.

మన మెట్టసీమ సంగతి మీరెరుగుదురు. నైరుతి పవనములు పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తమ నీటిని చాల వరకు అక్కడనే విడిచివచ్చును. ఈశాన్య పవనములు బంగాళాఖాతమునుండి ఇంత దూరము వచ్చుసరికి బలహీనమగును. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశములో మిక్కిలి తక్కువ వాన పడు ప్రదేశములలో మనదొకటి. వాన లేని సంవత్సరములో పల్లెలు ఖాళీయై జనులు బెంగుళూరు బండ్లెక్కుదురు. అప్పుడు కచేరి వరండాలో అర్జీ పట్టుకొని నిలుచువారుండరు. ఫైళ్లు కదలవు. పంకా తిరుగుచుండును. ఇట్టి దినములలో మనకు పని లేదనుట మన విశ్రాంతి కాదు. మన పొరుగువాని బాధయొక్క నీడ మన బల్లమీద పడుట.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకొనవలెను. నేను ఉద్యోగములో చేరిన తొలి యేండ్లలో, తాలూకాలు ఇంకను ఉన్న కాలములో, ఒక కచేరిలో వానమాపకమును చూచు పని నాకప్పగించిరి. ఆవరణములో కంచె వేసిన చోట అది యుండెను. ప్రతి దినము ఉదయము 8:30 గంటలకు అందులోని నీటిని గాజుకొలతలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూచి రిజిష్టరులో వ్రాయవలెను. ముందటి రాత్రి కురిసిన వాన ఆ ఉదయపు లెక్కలో చేరును. వాన లేనియెడల సున్న వ్రాయవలెను. రెండున్నర మిల్లీమీటర్లకు తక్కువ పడిన దినమును వానదినములలో లెక్కింపరు. అయినను ఆ కొద్దిపాటి నీటిని సహితము వ్రాయవలెను.

ఆ యేడు సున్న, సున్న, సున్న. నెల దాటినను సున్నయే. ఎందుకీ పని యని నాకు విసుగు పుట్టెను. కచేరి యున్న ఊరికి దూరముగా మా యిల్లుండెను. దినమును బస్సులో వచ్చుచుంటిని. బస్సు దిగి ఆకాశము చూచెడివాడను. మబ్బు లేదు. ఇక కంచె దాక పోవుటెందుకని బల్లయొద్దనే కూర్చుండి సున్న వ్రాసితిని. ఒక సోమవారము మొదలుకొని శుక్రవారము వరకు అట్లే ఐదు సున్నలు వ్రాసితిని.

శనివారము ఎందుకో వెళ్లి చూచితిని. పాత్రలో నీరుండెను. కొద్ది నీరు కాదు. నేను ఇంట నిద్రించుచుండగా ఏదో ఒక రాత్రి ఆ ఊరిమీద వాన కురిసినది. మన వానలు అట్టివి. ఒక ఊరిమీద పడి ప్రక్క ఊరిని తడుపవు. ఎర్రనేల ఆ నీటిని త్రాగి, నేను బస్సు దిగు వేళకు ఆరిపోయియుండెను. నాకు భయము కలిగెను. ఐదు దినములు చూడలేదని చెప్పుటకు సిగ్గుపడి, ఎవరును చూడకుండ ఆ నీటిని నేలమీద పారబోసితిని. వాన కొరకు మనుష్యులును పశువులును ఎదురుచూచుచున్న దేశములో నేను వానను పారబోసితిని.

పండ్రెండు దినముల తరువాత ఒక ముసలి రైతు వచ్చెను. ఆ వానకు అతడు వేరుసెనగ విత్తియుండెను. అయితే గ్రామపు లెక్కలో అతని చేను బీడని వ్రాయబడినది. వానే లేనిది విత్తెనన్న మాట ఎట్లు నమ్ముదురు? రిజిష్టరు చూడుమని అతడు నన్ను వేడుకొనెను. నేను పుట తిప్పి సున్నలు చూపితిని. అతడు చదువు రానివాడు, వ్రేలు ఆ గడిమీద పెట్టి, “సామీ, మంగళారం రేత్రి మా సేన్లో పదునయ్యే వాన పడె. బుక్కులో ల్యాకపోతే పడనట్లేనా సామీ?” అనెను.

ఆ మాటకు నేను నిలువలేకపోయితిని. అధికారియొద్దకు వెళ్లి జరిగినదంతయు ఒప్పుకొంటిని. ఆయన నన్ను చాలసేపు చూచి, “చేను చూచి రండి” అని మాత్రము చెప్పెను. నేను నడచి వెళ్లితిని. ఎర్రమట్టిని చీల్చుకొని మొలకలు సాలువెంట లేచియుండెను. నేను వ్రాసిన సున్నను అవి అబద్ధమని చెప్పుచున్నట్టుండెను. చేను విత్తబడినదని లెక్క సరిదిద్దిరి. ఆ యేడు మరల వాన రాక ఆ పైరు ఎండిపోయెను. అయితే విత్తినట్టు లెక్కలో నుండుటచేత శిస్తు మాఫీ జాబితాలో అతని పేరు చేరెను. నా రిజిష్టరులో మాత్రము ఐదు సున్నలను కొట్టివేసి, ఆ గడులలో “కొలవలేదు” అని వ్రాసి సంతకము చేయవలసివచ్చెను. ఆ రాత్రి ఎంత వాన పడినదో నేటికిని ఎవరికిని తెలియదు. ఇక తెలియబోదు.

ఆ దినమున నేను నేర్చుకొన్న పాఠమిది: సున్నకును ఖాళీకిని చాల భేదమున్నది. వెళ్లి, చూచి, ఏమియు లేదని వ్రాసినది సున్న. అది సాక్ష్యము. వెళ్లకుండ విడిచినది ఖాళీ. వెళ్లకుండనే సున్న వ్రాసినయెడల అది అబద్ధము. మూడును చూచుటకు ఒకటే రీతిగా నుండును. వ్రాసినవానికే భేదము తెలియును.

ఇప్పుడు వాక్యభాగమునకు వత్తము. ఏలీయా కాలమున మూడు సంవత్సరములు ఆరు నెలలు వాన లేదని యాకోబు పత్రిక (5:17) చెప్పుచున్నది. కర్మెలు పర్వతముమీద ఏలీయా మోకాళ్లమధ్య ముఖముంచుకొని నేలకు వంగియుండెను. మనము ఆయన ప్రార్థననుగూర్చి ఎన్నో ప్రసంగములు వింటిమి. ఆయన దాసునిగూర్చి ఎంత మంది ప్రసంగించిరి? ఆ దాసుని పని సముద్రమువైపు చూచి వచ్చి సంగతి చెప్పుట. మొదటిసారి వెళ్లెను, ఏమియు లేదనెను. మరల వెళ్లుమనెను. ఆరు మారులు అతని నివేదిక ఒక్కటియే. ఏడవ మారు మనుష్యుని చెయ్యియంత మేఘము కనబడెను.

నాలుగవ మారు అతడు కొండ వెనుక కొంచెముసేపు కూర్చుండి తిరిగివచ్చి అదే మాట చెప్పియుండినయెడల ఎవరు కనిపెట్టుదురు? ఆకాశము అట్లే యుండెను గదా! కాని ఆ అలవాటు పట్టినవాడు ఏడవ మారు కూడ కొండ వెనుకనే కూర్చుండియుండును. ఆరు సున్నలను నమ్మకముగా వ్రాసినవాని కన్నులే ఆ చిన్న మేఘమును చూడగలిగెను. ఈ భాగములో అతని పేరైనను చెప్పబడలేదు.

ఎజ్రా గ్రంథములో మరియొక పేరు లేని ఉద్యోగి యున్నాడు. యెరూషలేము మందిరపు పనినిగూర్చి అధికారియైన తత్తెనై విచారణ చేసి, కోరెషు రాజు నిజముగా అనుమతి యిచ్చెనో లేదో దస్త్రములు వెదకించుమని దర్యావేషునకు వ్రాసెను. వెదకగా అహ్మెతా పురములో ఒక గ్రంథపు చుట్ట దొరకెను. అందులో ఆజ్ఞ మాత్రమే గాక, మందిరపు ఎత్తు ఎన్ని మూరలు, వెడల్పు ఎన్ని మూరలు, రాళ్లు ఎన్ని వరుసలు, ఖర్చు ఎవరిది అని యంతయు ఉండెను. అది వ్రాసి సుమారు పదునెనిమిది సంవత్సరములు గడచియుండెను. దానిని వ్రాసిన గుమాస్తాకు ఆ దినము ఎట్లుండెనో! బహుశః ఎండగా నుండెనేమో, ప్రొద్దు పోకుండెనేమో. మూరల లెక్క వ్రాయుటకు అతడు విసిగి విడిచియుండవచ్చును. విడువలేదు. ఆ చుట్ట దొరకినందున మందిరపు పని నిలిచిపోలేదు.

ఇట్టి సంగతులు వేదకాలముతో ముగిసిపోలేదు. 1875వ సంవత్సరమున భారత వాతావరణ శాఖ స్థాపింపబడెను. మరుసటి యేడే మన సీమను ధాత కరువు పట్టుకొనెను. 1876 మొదలు 1878 వరకు లెక్కలేని జనులు చనిపోయిరి. పిమ్మట దేశమంతట వాన లెక్కలకు విలువ పెరిగెను. 1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ అను గణితవేత్త, వానలు ఎందుకు తప్పిపోవుచున్నవో తెలిసికొనవలెనని, భారతీయ గుమాస్తాల చేత ఏండ్లతరబడి లెక్కలు కట్టించెను. యంత్రములు లేని ఆ దినములలో అంకెను అంకెతో పోల్చుటయే వారి పని. అంతకంటె విసుగైన పని యుండునా? ఆ లెక్కలలోనుండియే పసిఫిక్ మహాసముద్రముమీద ఒక ప్రక్క గాలి ఒత్తిడి హెచ్చినప్పుడు రెండవ ప్రక్క తగ్గుననియు, ఆ ఊగుటకును మన వర్షములకును సంబంధమున్నదనియు తేలినది. ఆయన 1924లో దానికి దక్షిణ డోలనమని పేరు పెట్టెను. నేడు రేడియోలో ఎల్ నినో యని వినునప్పుడు, దాని వెనుక చిన్న చిన్న ఊళ్లలో వానమాపకమునొద్దకు నడచి వెళ్లి సున్న వ్రాసిన వేలకొలది పేరు లేని మనుష్యులున్నారని జ్ఞాపకముంచుకొనుడి.

అయితే నమ్మకముగా నుండుమని చెప్పినంతమాత్రమున విసుగు పోదు. ఏమి చేయవలెనో కొంత చెప్పుట మేలు.

మొదటిది, పనికి కొలత పెట్టుకొనుడి. తాను పైన చెప్పిన రోగమునకు ఎవాగ్రియస్ ఇచ్చిన మందు ఇదియే: ప్రతి పనికి ఇంతయని ఒక హద్దు నియమించుకొని, అది ముగియువరకు లేవకుండుట. “సాయంకాలము వరకు కూర్చుండవలెను” అనుకొన్నవానికి ప్రొద్దు పోదు. “భోజనవేళకు ఈ పది పాత ఫైళ్లకు సూచిక వ్రాసెదను” అనుకొన్నవానికి భోజనవేళ తొందరగా వచ్చును.

రెండవది, లేచి నడువుడి. 1948లో కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్వర్త్ అను పరిశోధకుడు తన పరీక్షా ఫలితములను ప్రకటించెను. యుద్ధకాలమున రాడారు తెరలను కనిపెట్టియుండు సైనికులు మెలకువగా నుండియు గురుతులను ఎందుకు తప్పిపోవుచున్నారో తెలిసికొనుటకు, గడియారపు ముల్లు ఒక్కొక్కప్పుడు రెండింతలు దుముకుట కనిపెట్టవలసినదని మనుష్యులను రెండు గంటలు కూర్చుండబెట్టెను. అరగంట గడచుసరికే వారు ఎక్కువగా తప్పిపోసాగిరి. కనుక విసుగైన పనిలో చూపు మందగించుట పాపము కాదు, శరీర స్వభావము. దాని నెరిగి అరగంటకొకమారు లేచి నాలుగడుగులు వేసి వచ్చి, పనిని మార్చుకొనుట బుద్ధి. ఏలీయా దాసుడు సహితము ఒకేచోట కూర్చుండి చూడలేదు, వెళ్లి వచ్చుచుండెను.

మూడవది, మిగిలిన సమయమును దాచుకొనుడి. 1820లో కడపకు ఒక యువ ఉద్యోగి వచ్చెను. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. పగలు కంపెనీ కొలువు. తీరిక వేళలలో తెలుగు నేర్చి, తాళపత్రములు వెదకి, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని పాఠములు సరిచూపించెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. 1852 మొదలుకొని ఆయన నిఘంటువులు వెలువడెను. వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో నున్నదని మనవారు చెప్పుదురు. ఆ కవి పద్యములు లోకమున వ్యాపించుటకు ఒక ఉద్యోగి తీరిక వేళ తోడ్పడినది. మనమందరము బ్రౌనులము కాజాలము. అయితే కచేరి పనికి సంబంధించిన నియమములను చక్కగా చదువుకొనుట, టైపు నేర్చుకొనుట, అర్జీ వ్రాయరాని మనుష్యునికి వ్రాసి పెట్టుట మనలో ఎవరికి అసాధ్యము? ఒక హెచ్చరిక మాత్రము చెప్పవలెను. కచేరి వేళ కచేరిది. సొంత పని చేసికొనుటకు బల్ల క్రింద పుస్తకము దాచుకొనువాడు విసుగునుండి తప్పించుకొని దొంగతనములో పడును.

నాలుగవది, కాగితము వెనుక నున్న మనుష్యుని చూడుడి. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక (3:22–23) యజమాని చూచుచున్నప్పుడు మాత్రమే పనిచేయు సేవను ఖండించి, ప్రభువునకు చేసినట్టు మనస్ఫూర్తిగా చేయుమని బోధించుచున్నది. ఆ మాట మొదట విన్నవారు కచేరి ఉద్యోగులు కారు, దాసులు. తమ పనిని తాము ఏర్పరచుకొన్నవారు కారు. అట్టివారి పనికే అంత ఘనత యున్నప్పుడు మన పనికి లేదా? దస్త్రములో ప్రతి అంకె వెనుక ఒక చేను, ఒక ఇల్లు, ఒక ముసలి వ్రేలు ఉన్నవి. ఆ వ్రేలు ఏ దినమున వచ్చి ఏ గడిమీద నిలుచునో మనకు తెలియదు.

ఇప్పుడు అనేక చోట్ల తమంతట తామే వానను కొలుచు యంత్రములు వచ్చినవి. మంచిదే. అయితే మన బల్లలమీద యంత్రములు చేయలేని చిన్న పనులు ఇంకను మిగిలియున్నవి. రేపు ఉదయము మీ కచేరిలో ఏమియు జరుగకపోవచ్చును. అట్లయినను వెళ్లుడి, చూడుడి, చూచినది వ్రాయుడి. ఏమియు లేదని చెప్పుటకైనను కొండ ఎక్కవలసినదే. చెయ్యియంత మేఘము ఏ మారు కనబడునో కొండ ఎక్కినవానికే తెలియును.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. ఏలీయా దాసుడు ఆరు మారులు తెచ్చిన నివేదిక ఏలీయా ప్రార్థనకు ఏ విధముగా ఉపయోగపడెను?

2. ఎజ్రా 6:3–5లో వ్రాయబడిన వివరములలో ఏది లోపించినను తత్తెనై విచారణలో ఎట్టి చిక్కు కలిగియుండును?

3. మీ పనిలో “వెళ్లకుండ వ్రాసిన సున్న” ఏదైన నున్నదా? దానిని సరిదిద్దుటకు ఎవరియొద్దకు వెళ్లవలెను?

4. పని లేని మధ్యాహ్నమున మీ చేయి మొదట దేనికొరకు చాచుకొనును? ఈ వారము ఒక దినము దానికి బదులు ఒక కొలత గల పనిని పెట్టుకొని, ఫలితమును కూటములో చెప్పుడి.